కాసెట్టుల జీర్ణోద్ధరణము

వాఙ్మయ పరిశోధకులకు తాళపత్రమునందు గల గౌరవము కాసెట్టు టేపునందు లేదు. తాళపత్రము ప్రాచీనమని చూచినంతనే తెలియును. దానిని తాకబోవు చేయి తనంతట తానే నెమ్మదించును. కాసెట్టు నిన్నటి వస్తువు. సినిమా పాటల కొఱకు అంగడిలో కొని తెచ్చుకొన్న ప్లాస్టిక్ పెట్టె. అందుచే అది పుస్తకముల వెనుకను, బీరువాల అడుగునను పడియుండును. కాని ఆయుర్దాయమును విచారించినచో తాళపత్రమే దృఢమైనది. చక్కగా కాపాడిన తాటాకు గ్రంథములు మూడు నాలుగు వందల యేండ్లు నిలిచినవి కలవు. కాసెట్టును ఫిలిప్స్ సంస్థవారు బెర్లిన్ రేడియో ప్రదర్శనమున ప్రవేశపెట్టినది 1963లో. 1970, 1980 దశకములందు పల్లెలలో నింపుకొని వచ్చిన టేపులు ఇప్పటికే శిథిలమగుచున్నవి.

ఈ టేపులలో నున్నదేమి? తెలుగు జానపద గేయములపై బిరుదురాజు రామరాజుగారు 1956లో డాక్టరేటు పొందిరి. ఆ తరమువారికి ముఖ్యసాధనము కలము, కాగితము. తరువాతి తరమువారు భుజమునకు టేపు రికార్డరు తగిలించుకొని పోయిరి. జముకుల కథ, ఒగ్గు కథ, బుఱ్ఱకథ, దంపుళ్ల పాటలు, ఏడుపు పాటలు కాసెట్టులకెక్కినవి. జీన్ రోఘైర్ 1982లో ఆక్స్‌ఫర్డునుండి ప్రకటించిన పల్నాటి వీరకథా గ్రంథమునకు అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమే ఆధారము. ఇట్టి కృషికి ప్రతి విశ్వవిద్యాలయమునను చిన్నవో పెద్దవో ఉదాహరణములు కలవు. పాడినవారిలో పెక్కుమంది గతించిరి. కొన్ని కుటుంబములలో కథ చెప్పు వృత్తియే నిలిచిపోయినది. అట్టిచోట టేపు ఏకైక మాతృక.

సిద్ధాంత వ్యాసములో పాఠమంతయు అచ్చుపడియున్నదికదా, టేపుతో ఇక పనియేమి అని ప్రశ్నించువారు కలరు. ఈ ప్రశ్నకు సమాధానము తెలుగు వర్ణములలోనే కలదు. చకార జకారములు దంత్యములనియు తాలవ్యములనియు రెండు విధములని బాలవ్యాకరణము చెప్పుచున్నది. అచ్చులో రెంటికిని సాధారణముగ ఒకటే అక్షరము. ఒక ముసలి గాయకురాలు ‘చుక్క’ అన్నపుడు ఏ చకారమును పలికెనో, ‘శివుడు’ అన్నపుడు శకారము నిలిచెనో సకారమైనదో వ్రాతప్రతి తెలుపజాలదు. వ్రాసినవారు తమ చదువుకు తగినట్లు దిద్ది వ్రాసియుందురు. వ్రాతప్రతి ఒకని వ్యాఖ్యానము, టేపు సాక్ష్యము.

విచారకరమైన విషయమేమనగా, టేపు చెడునపుడు మొదట నశించునవి ఈ ధ్వనులే. సకార శకారముల యొఱపు సెకనుకు నాలుగైదు వేల కంపనములకు పైబడిన ప్రాంతమున బలముగ నుండును. కాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో నడచును. ఆ వేగమున 8,000 కంపనముల ధ్వని టేపుమీద ఆక్రమించు తరంగదైర్ఘ్యము ఆరు మైక్రానులు మాత్రమే. టేపునకును దానిని చదువు హెడ్డునకును నడుమ ఒక్క మైక్రాను మందమున మడ్డి చేరినచో ఆ ధ్వని సుమారు తొమ్మిది డెసిబెల్‌లు తగ్గిపోవును. 500 కంపనముల ధ్వనికి అదే మడ్డివలన కలుగు నష్టము అర డెసిబెల్‌కు కొంచెము పైన. కనుక అచ్చులు స్పష్టముగనే వినబడును, పాట సాగుచునే యుండును, వినువాడు టేపు బాగున్నదనియే తలచును. హల్లుల అంచులు మాత్రము అరిగిపోవును. మడ్డి పట్టిన యంత్రముమీద విని మాండలిక ధ్వనులను నిర్ణయించుట మసి కమ్మిన అద్దమున ముఖము చూచుకొనుట వంటిది.

టేపు నిర్మాణమును తెలిసికొన్నచో చికిత్స సులభమగును. పాలియెస్టరు పట్టీమీద ఇనుప ఆక్సైడు రేణువులను ఒక జిగురుతో పూసియుందురు. ధ్వనిని మోయునవి ఆ రేణువులు; వానిని పట్టియుంచునది జిగురు. గాలిలోని చెమ్మ జిగురును విఱుచును. అపుడు పూత మెత్తబడి హెడ్డునకు అంటుకొనును. టేపు కీచుమని అఱచును. వర్షకాలపు చెమ్మకు బూజు పట్టుటయు కలదు. టేపును హెడ్డునకు ఒత్తిపట్టు చిన్న ఉన్నిమెత్త తన బంక ఎండి ఊడిపోవును. తొంబది నిమిషముల కాసెట్టులోని టేపు అఱువది నిమిషముల దానికంటె పలుచన; నూట ఇరువది నిమిషములది మఱింత పలుచన. పొదుపునకై పెద్ద కాసెట్టులనే కొన్న శాఖలకు నేడు చిక్కు అధికము.

ఏ టేపునైనను ఆడించుటకు ముందు యంత్రమును శుభ్రపఱుపవలెను. విద్యుత్తు తీసివేసి, దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపి, హెడ్డులను, టేపును నడపు లోహపు కడ్డీని మెల్లగ తుడువవలెను. నూనెగాని సువాసన ద్రవ్యముగాని కలిసిన స్పిరిటు పనికిరాదు. దూదికి గోధుమరంగు అంటినంతకాలము పుల్లలు మార్చుచుండవలెను. రబ్బరు చక్రమునకు ఆల్కహాలు హాని. అది రబ్బరును ఎండబెట్టి గట్టిపఱుచును. దానికి కొంచెము సబ్బునీటితో తడిపిన గుడ్డయే మేలు. అంతయు ఆఱిన తరువాతనే కాసెట్టును పెట్టవలెను. పాత టేపునకు ఒక ప్రక్క ముగిసిన వెంటనే మరల తుడుచుట ఉచితము.

కాసెట్టు విషయమునను తొందర తగదు. బూజు పట్టిన దానిని ఆడింపరాదు. ఆ బూజు యంత్రమునుండి తరువాతి టేపులకు ప్రాకును. పెట్టె చెడినచో టేపు చుట్టలను మఱలతో బిగించు క్రొత్త పెట్టెలోనికి మార్చవచ్చును. హెడ్డు వాలును ప్రతి కాసెట్టునకును సరిచూడవలెను. నాడు నింపిన యంత్రపు వాలు ఎట్లుండెనో, చదువు యంత్రమునకును అట్లే యుండవలెను. ప్రక్కనున్న మఱను స్వల్పముగ త్రిప్పుచు హల్లులు మిక్కిలి స్పష్టముగ వినబడు చోట నిలుపుట పద్ధతి. వేగమును గూడ గమనింపవలెను. పల్లెలో బ్యాటరీలు నీరసించినపుడు రికార్డరు మెల్లగ నడచియుండును; ఆ టేపు నేడు వడిగా, హెచ్చు శ్రుతిలో పలుకును. ఈ సంగతి తెలియక శ్రుతిని నిర్ణయించువారు గాయకునికి లేని గొంతును అంటగట్టుదురు.

ఇక ప్రతి తీయుట. పందొమ్మిదవ శతాబ్దిలో సి. పి. బ్రౌన్ పండితులచే తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. అందుచేతనే మనకు పెక్కు కావ్యములు దక్కినవి. ప్రతులు వ్రాయువాడు తనకు తోచిన సవరణలను పాఠములోనే కలిపివేసిన చిక్కులను గూడ పరిష్కర్తలు ఎఱుగుదురు. ధ్వని ప్రతికిని ఈ న్యాయమే వర్తించును. రొదను తొలగించు సాధనములు నేడు సులభముగ లభించుచున్నవి. అవి రొదతోపాటు సకారమును గూడ కొంత కోసివేయును. కనుక మొదటి ప్రతిని దిద్దుబాటు లేకయే ఉంచవలెను. వినుట కొఱకు వేఱొక ప్రతిని శుభ్రపఱుపవచ్చును. ధ్వని భాండాగారముల అంతర్జాతీయ సంఘము కనీసము 48,000 నమూనాలు, 24 బిట్లు విధించినది. దానికి రెట్టింపు నమూనాలతో తీసినను రెండు మార్గముల ధ్వనికి గంటకు సుమారు రెండు గిగాబైట్లే పట్టును. నేటి కాలమున ఇది భారము కాదు.

భారమైనవి యంత్రములు. అయస్కాంత టేపులను చదువు సాధనములు 2025 ప్రాంతమునకు దుర్లభములగునని నిపుణులు భావింపగా, యునెస్కో వారు 2019లోనే హెచ్చరిక చేసిరి. ఆ గడువు వచ్చినది. మంచి యంత్రములు క్రొత్తవి దొఱకుట అరుదు. పాతవానిని బాగుచేయు నేర్పరులు వృద్ధులగుచున్నారు.

స్వరాష్ట్రమునకు దూరముగ కాశీలోనో ఢిల్లీలోనో తెలుగు చదువు విద్యార్థికి శ్రీకాకుళపు పల్లెకు పోయి విను వీలు సులభముగ కలుగదు. అతనికి ఆ పలుకు టేపులోనిదే. అట్టి శాఖలు మొదట చేయవలసినది పట్టిక. ఏ టేపులో ఎవరు, ఏ ఊర, ఏ తేదీన పాడిరో వ్రాసికొనవలెను. నింపుకొని వచ్చినవారు జీవించియుండగనే వారి నడిగి వ్రాయవలెను. అట్టపై నున్న పొడియక్షరముల అర్థము వారికే తెలియును. అచ్చుకెక్కని కథలను, వేఱు ప్రతి లేని గొంతులను ముందు ఎత్తుకొనవలెను. ఒక ప్రతిని పాడినవారి కుటుంబమునకు పంపుట కనీస ధర్మము. తాళపత్ర లేఖకులు గ్రంథాంతమున నూనె నుండియు, నీటి నుండియు, సడలిన కట్టు నుండియు తమ వ్రాతను కాపాడుడని చదువరులను వేడుకొనెడివారు. పాడిన గొంతులకు అట్లు వేడుకొను అవకాశము లేకపోయినది. ఆ పని టేపులను దాచియుంచిన శాఖలదే.