నాలుగు ముక్కల ఖరీదు

"నువ్వు ఆడి గెలిచావా, కొని గెలిచావా మామా?"

2015 అక్టోబర్‌లో ఒక శుక్రవారం రాత్రి, డాలస్ శివార్లలోని ఒక గేమ్ షాపు బయట, పార్కింగ్ లాట్‌లో మా రూమ్మేట్ అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వాను. అంతకు పది నిమిషాల ముందే చివరి రౌండులో వాణ్ణి వరసగా రెండు గేములు ఓడించాను. వాడిది అంతా ఎర్ర కార్డుల డెక్, మహా అయితే అరవై డాలర్లుంటుంది. నా చేతిలో ఉన్నది ఆరువందల పైచిలుకు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. గణితం చదువుకున్న రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ తయారుచేసిన ఆట, 1993లో మార్కెట్లోకి వచ్చింది. ఎవరి డెక్ వాళ్ళే కట్టుకుని రావాలి. కనీసం 60 కార్డులు. మామూలు భూమి కార్డులు తప్పిస్తే, ఒకే పేరున్నవి నాలుగుకి మించకూడదు. వేల కార్డుల్లోంచి ఏ అరవై ఏరుకుంటామన్నదే సగం ఆట.

మా తాతయ్య అరుగు మీద రమ్మీ ఆడేవాడు. పదెకరాల ఆసామీ, రేషన్ షాపు గుమస్తా ఒకే జంపఖానా మీద కూర్చుంటే, ఇద్దరికీ అవే కట్టల్లోంచి పదమూడేసి ముక్కలు పడేవి. ఓడినవాడు డబ్బులిచ్చుకునేవాడు, నిజమే. కానీ జోకర్లు ఇంట్లోంచి జేబులో వేసుకుని రావడం కుదరదు. మ్యాజిక్‌లో జోకర్లు ఇంట్లోంచే తెచ్చుకుంటాం.

ఆ ఏడాది అందరికీ కావాల్సిన జోకరు జేస్. పూర్తి పేరు 'జేస్, వ్రిన్స్ ప్రాడిజీ'. రెండు మానాలకే బల్ల మీదికొచ్చే కుర్ర మాంత్రికుడు. ఒక ముక్క తీయిస్తాడు, ఒకటి పారేయిస్తాడు. పారేసిన కుప్పలో ఐదు చేరాక కార్డుని వెనక్కి తిప్పుతాం. అప్పుడు వాడు పెద్దవాడవుతాడు, పారేసిన మంత్రాన్ని మళ్ళీ వాడుకోనిస్తాడు. జులైలో మ్యాజిక్ ఆరిజిన్స్ సెట్‌లో వచ్చిన కొత్తల్లో ఇరవై, పాతిక డాలర్లకి దొరికేవాడు. శరదృతువు వచ్చేసరికి ప్రతి నీలం డెక్‌లోనూ వాడే. ఒక్కోటీ ఎనభై డాలర్లు.

నాలుగు జేస్‌లు, 320 డాలర్లు. అమెరికా వచ్చిన కొత్తల్లో మనందరికీ ఉండే రోగం నాకూ ఉంది: 66తో గుణించాను. 21,120 రూపాయలు. క్యాంపస్ డైనింగ్ హాల్లో గంటకి తొమ్మిది డాలర్లు నా జీతం. అంటే ముప్ఫై ఆరు గంటలు ట్రేలు తుడవాలి. విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలకి మించి పని చేయనివ్వరు కాబట్టి, దాదాపు రెండు వారాల జీతం.

అయినా అది చవకే అని నన్ను నేను ఎలా ఒప్పించుకున్నానో కూడా చెప్తాను. అప్పట్లో ఒక బూస్టర్ ప్యాకెట్ నాలుగు డాలర్లు, అందులో 15 కార్డులు ఉండేవి. వాటిలో రేర్ ఒక్కటే ఉండేది. సుమారు ఎనిమిది ప్యాకెట్లకి ఒకసారి ఆ రేర్ స్థానంలో 'మిథిక్ రేర్' వచ్చేది. 2008లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆరిజిన్స్‌లో మిథిక్‌లు ఓ పదిహేను దాకా ఉన్నాయి, జేస్ అందులో ఒకడు. అంటే ఒక్క జేస్ కోసం ఇంచుమించు 120 ప్యాకెట్లు చింపాలి. నలుగురి కోసం 480. మిగతా కార్డులు అమ్ముకుంటే ఎంతోకొంత వస్తుందనుకోండి, ముందైతే పంతొమ్మిది వందల డాలర్లు తీయాలి. ఈ లెక్క ముందు పెట్టుకుంటే 320 పొదుపులా కనిపిస్తుంది. డబ్బు తగలేసేవాడెప్పుడూ లెక్కలు బాగానే వేస్తాడు.

నిజానికి ఆ అట్టముక్క అచ్చేయడానికి జేస్‌కైనా, మురికి కామన్ కార్డుకైనా అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఎన్ని అచ్చేశారన్నదాంట్లోనే. మొదట్లో ఆట తయారుచేసినవాళ్ళు ఎవరైనా కొద్ది ప్యాకెట్లే కొంటారనీ, అరుదైన కార్డు ఊరికొకరి దగ్గర ఉండి, అది బల్ల మీద పడ్డప్పుడు మిగతావాళ్ళు ఆశ్చర్యపోతారనీ అనుకున్నారు. జనం పెట్టెలకి పెట్టెలు కొన్నారు. 1995లో పాత కార్డులు కొన్నింటిని 'క్రానికల్స్' పేరుతో మళ్ళీ అచ్చేస్తే, దాచుకున్నవాళ్ళు గొడవ చేశారు. 1996లో కంపెనీ ఒక జాబితా ఇచ్చి, వీటిని ఇక ఎప్పటికీ అచ్చెయ్యమని మాటిచ్చింది. ఆ జాబితాలోని బ్లాక్ లోటస్, మొదటి ముద్రణది ఒకటి, 2021లో ఐదు లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది.

జేస్ ఆ జాబితాలోవాడు కాదు. మేమాడే స్టాండర్డ్ పద్ధతిలో పాత సెట్లు కొంతకాలానికి తప్పుకుంటాయి. ఏడాది తిరిగేసరికి వాడూ తప్పుకుంటాడని కొనేటప్పుడే తెలుసు. తెలిసే కొన్నాను.

ఆ మేలోనే లాస్ వెగాస్‌లో జరిగిన ఒక పెద్ద పోటీ గురించి మేమిద్దరం వారం రోజులు వాదించుకున్నాం. చివరి ఎనిమిది మందిలోకి వచ్చిన ఒక ఆటగాడు, అక్కడే ప్యాకెట్లు విప్పి డెక్ కట్టుకునే రౌండులో, తన డెక్‌కి పనికొచ్చే మామూలు కార్డుని వదిలేసి, మెరిసే టార్మోగాయిఫ్‌ని తీసుకున్నాడు. అది తన డెక్‌కి అక్కర్లేదు, కానీ వందల డాలర్ల సరుకు. ఆటని అవమానించాడని కొందరు పెద్ద ఆటగాళ్ళు తిట్టిపోశారు. ఆ కార్డు వేలంలో పదిహేను వేల డాలర్ల దగ్గర పలికింది, సగం అతను దానానికి ఇచ్చాడు. "వాడు చేసింది తప్పే" అన్నాన్నేను. "నీకు ఇల్లు గడుస్తోంది కాబట్టి అంటున్నావ్" అన్నాడు మావాడు.

వాడి చదువు అప్పుకి ఊళ్ళో ఇల్లు తాకట్టులో ఉంది. నాకూ అప్పుంది గానీ వడ్డీ నాన్న కట్టేవాడు. ఈ తేడా మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఇద్దరం ఒకే రైస్ కుక్కర్‌లో వండుకున్నది తిన్నాం, ఒకే బస్సెక్కాం, ఒకే రోజు ఆట నేర్చుకున్నాం. వాడు నాకంటే బాగా ఆడేవాడు. నా చేతిలో ఏముందో నా మొహం చూసి చెప్పేవాడు.

జేస్‌లు పోస్టులో వచ్చిన రోజు వాడే తలుపు తీశాడు. కవరు చింపుతుంటే పక్కనే నిలబడ్డాడు.

"ఎంత పడ్డాయ్ రా?"

"ఏదో డీల్‌లో వచ్చాయి మామా. నాలుగూ కలిపి వంద."

వాడు ఒక కార్డు తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు. ఏమీ అనలేదు.

ఆ నెల కరెంటు బిల్లులో, సరుకుల్లో నా వాటా ఓ తొంభై డాలర్లు వాడే కట్టాడు. జీతం పడగానే ఇస్తానన్నాను. జీతం పడ్డది, జేస్‌లు వచ్చాయి. ఆ తొంభై నవంబర్‌లో ఇచ్చాను. పార్కింగ్ లాట్‌లో వాడడిగిన ప్రశ్నకి నేను నవ్వానని చెప్పానుగా, ఆ నవ్వు వెనక ఉన్నది ఇదీ. నేను కొన్నదాంట్లో వాడి డబ్బు కూడా ఉంది.

తర్వాత శుక్రవారం వాడు అసైన్‌మెంట్ ఉందన్నాడు. ఆ పై శుక్రవారం తలనొప్పన్నాడు. మూడోసారి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఆ సీజన్‌లో నేను చాలా గేములు గెలిచాను. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నవన్నీ అంతకుముందువే. ఇద్దరం మంచం మీద కూర్చుని, వేరుశనక్కాయలు తింటూ, పది సెంట్ల కార్డులతో తెల్లవారుజాము దాకా ఆడినవి.

ఏప్రిల్‌లో పాత సెట్లు వెళ్ళాయి, సెప్టెంబర్ చివర జేస్ కూడా స్టాండర్డ్‌లోంచి వెళ్ళాడు. అప్పటికి వాడికి సగం ధర కూడా పలకలేదు. అమ్మబుద్ధి కాలేదు. ఇంకా నా దగ్గరే ఉన్నారు నలుగురూ.

మావాడు చదువు, అప్పు రెండూ పూర్తిచేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. పోయిన డిసెంబర్‌లో కూకట్‌పల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక అల్మరాలోంచి రెండు డెక్‌లు తీశాడు. అన్నీ జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయించి, కత్తిరించి, పాత కామన్ కార్డుల ముందు పెట్టి కవర్లలోకి దూర్చినవి. షాపుల్లో జరిగే అధికారిక పోటీల్లో ఇలాంటివి ఒప్పుకోరు. ఇంట్లో సరదాగా ఆడుకోడానికి సొంతంగా చేసుకుంటే తమకి అభ్యంతరం లేదని కంపెనీయే 2016లో చెప్పింది. ఆ మాట ఒక్క ఏడాది ముందు మాకు తట్టి ఉంటే.

ఏడు ముక్కలు తీసుకుని చూసుకున్నాను. రెండు జేస్‌లు పడ్డాయి. మొహాలు కాస్త అలుక్కుపోయాయి గానీ వాడే.

"వీటికెంతయింది రా?" అన్నాను.

వాడు తన ముక్కలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు: "ఏదో డీల్‌లో వచ్చాయి మామా. నాలుగూ కలిపి ఎనిమిది రూపాయలు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"మూడువందల ఇరవై" అన్నాను.

"తెలుసు. అప్పుడే ఫోన్‌లో చూశా" అన్నాడు. "ముక్క తియ్."