ఆసుపత్రి వార్డులో పదిహేడు రోజులు

గత వర్షాకాలంలో మేము రాయలసీమలోని ఒక జిల్లా కేంద్రానికి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. మా మదరసాలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేస్తున్న పదమూడేళ్ళ బాలునికి అపెండిక్స్ పగిలి, అర్ధరాత్రి శస్త్రచికిత్స జరిగింది. తండ్రి కువైట్‌లో ఉన్నారు. తల్లి ఒంటరిగా ఉన్నందున ఉపాధ్యాయులం ఇద్దరం వంతులవారీగా అక్కడే గడిపాము.

ఆవరణ విశాలమైనది. వేపచెట్ల కింద రోగుల బంధువులు వంటలు చేసుకుంటూ, తడిబట్టలు ఆరవేసుకుంటూ ఉంటారు. పై అంతస్తులోని వార్డులో మంచాలెన్ని ఉన్నాయో నేలమీద పరుపులూ దాదాపు అన్ని ఉన్నాయి. ప్రవేశద్వారం దగ్గర 'కాయకల్ప' బోర్డు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకు బహుమతులిచ్చే ఈ కేంద్ర పథకం 2015లో మొదలయింది. ఆ పక్కనే రంగుల డబ్బాలు. 2016 నాటి నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు డబ్బాలోకి, సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు ఎరుపులోకి, గాజు సీసాలు నీలంలోకి పోవాలి. సూదులకు గుచ్చుకుపోని తెల్లని డబ్బా వేరే ఉండాలి. మేము చూసిన పసుపు డబ్బాలో అరటితొక్కలు, బిస్కట్ కాగితాలు ఉన్నాయి. అవి వైద్యులు వేసినవి కావు, మా వంటి వారు వేసినవే.

మొదటిరోజు బస్సు దిగి నేరుగా బాలుని దగ్గరకు వెళ్ళి, కట్టుపై చేయి ఉంచి దుఆ చేశాము. నర్సు గారు ఆపి, "చేతులు కడుక్కున్నారా?" అని అడిగారు. "వుజూతోనే ఉన్నామమ్మా" అన్నాము. "ఎప్పుడు చేసుకున్నారు?" అన్నారు ఆమె. ఊళ్ళో, తెల్లవారుజామున. ఆ తరువాత మూడుగంటలు బస్సు కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చాము. కడ్డీ పట్టుకుంటే వుజూ భంగం కాదు, ఆ సంగతి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాము. కానీ ఆమె అడిగింది వుజూ సంగతి కాదు, చేతుల సంగతి. మా దగ్గర జవాబు లేకపోయింది.

నాలుగవ రోజు కట్టు తడిసింది. విప్పి చూస్తే చీము. సర్జన్ గారు ఏదీ దాచలేదు. "పగిలిన అపెండిక్స్ వల్లనే కావచ్చు, బయటి చేతుల వల్లా కావచ్చు. ఏది కారణమో చెప్పలేము" అన్నారు. చీమును పరీక్షకు పంపి మందు మార్చారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఫజర్ వేళ వుజూ కోసం వార్డు చివరి కుళాయి దగ్గరకు వెళ్ళాము. గోడమీద చేతులు కడుక్కునే పద్ధతి దశలవారీగా బొమ్మలలో ఉంది. సబ్బుతో నలభై నుంచి అరవై సెకన్లు కడగాలట. బొమ్మ కింద సబ్బు లేదు, కుళాయికి పిడి లేదు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష గది నుంచి వచ్చేవారి చేత క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించగానే బాలింతల మరణాలు ఎంతగానో తగ్గాయి. తోటి వైద్యులలో చాలామంది ఆయన మాట అంగీకరించలేదు. ఇక్కడ అందరూ అంగీకరించి గోడకెక్కించారు, నీళ్ళు మాత్రం మరిచిపోయారు.

వార్డు తుడిచే ఆమెతో పరిచయమయింది అక్కడే. కాంట్రాక్టు మనిషి. రాత్రిపూట మూడు వార్డులకు ఇద్దరే. పొడి చీపురు వాడితే దుమ్ము లేచి గాయాలమీద పడుతుందని, లోపలి నుంచి గుమ్మం వైపుకు తుడవాలని ఆమెకు తెలుసు. మూడు బకెట్లుండాలి: ఒకటి సబ్బునీటికి, ఒకటి మాప్ జాడించే మంచినీటికి, మూడవది క్రిమిసంహారక ద్రావణానికి. ఆమె మూడవ బకెట్ ఖాళీగా ఉంది. "తనిఖీ వచ్చే రోజు మూడూ నిండుతాయి సాయిబుగారూ" అని నవ్వింది. వార్డులో ఆమెను పేరుపెట్టి పిలిచినవారు మాకు కనిపించలేదు. "ఏయ్, ఇక్కడ తుడువు" అనేవారే అందరూ, మన సోదరులతో సహా.

మేము అధికారిని కలిసి కుళాయి సంగతి చెప్పాము. రాసుకున్నారు. మూడురోజులు చూసి, బయట అంగడిలో పిడి కొని ఆమెకే ఇచ్చాము. సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి.

పదిహేడవ రోజు బాలుణ్ణి ఇంటికి పంపారు. అప్పటికి అతని తల్లి ఒక సబ్బును వలసంచిలో వేసి మంచం కడ్డీకి కట్టింది. పరామర్శకు వచ్చిన ప్రతివారినీ, మమ్మల్ని సైతం, ముందు కుళాయి దగ్గరకు పంపేది. బయలుదేరేటప్పుడు ఆ సంచిని విప్పబోయి, పక్క మంచం మీదకు అప్పుడే తెచ్చిన ముసలాయనను చూసి, అక్కడే వదిలేసింది.