ట్యురిని కొండ మీద రీస్టార్ట్ ఉండదు

ఫ్రాన్స్‌లో నైస్ నగరం నుంచి ఉత్తరంగా బయల్దేరి, సోస్పెల్ అనే చిన్న ఊరు దాటితే అసలు ఘాట్ రోడ్డు మొదలవుతుంది. కొంత దూరం పోయాక కొండ మీది చర్చికి వెళ్లే వంతెన ఒకటి రోడ్డు పైనుంచే ఉంటుంది. దాని కిందనుంచి దూరి వెళ్లాలి. ఇక అక్కణ్నుంచి మలుపులే మలుపులు!

పక్క సీట్లో మా అక్క కొడుకు. అక్కడే చదువుకుంటున్నాడు. మాంటె కార్లో ర్యాలీ కార్లు ఏళ్ల తరబడి పరుగెత్తిన ఈ కోల్ ద ట్యురిని దారిని వాడు వీడియో గేమ్‌లో కొన్ని వందలసార్లు నడిపాడట. "ఎడమ హెయిర్‌పిన్ మావయ్యా, తర్వాత కుడి, లోపలికి బిగుసుకుంటుంది" అని కో-డ్రైవర్‌లా చెప్పుకొస్తున్నాడు. సగం కరెక్టే. గేమ్ వాళ్లు దారిని కాస్త కుదించి గీస్తారు కదా.

"బొమ్మ బాగుంటే మంచి గేమేనా?" అనడిగాను.

"బొమ్మెవడిక్కావాలి? భయం కావాలి."

2004లో వచ్చిన 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ'ని ఇప్పటికీ ఆడేవాళ్లున్నారట. 2001 ప్రపంచ చాంపియన్ పేరు మీద వచ్చిన గేమ్ అది. బొమ్మలు పాతబడ్డాయి, కానీ తప్పు చేస్తే క్షమించదు. వీళ్లు కోరేదీ అదే. రాయికి తగిలి చక్రం వంకరపోతే ఆ వంకరతోనే చివరిదాకా ఈడ్చుకుపోవాలి. కో-డ్రైవర్ మాట అర క్షణం ఆలస్యమైతే లోయలోకే. అసలు ర్యాలీలో పోటీకి కొన్ని గంటల ముందు వేరే జట్టు ఈ దారిన వెళ్లి, మంచు ఎక్కడ గడ్డకట్టిందో నోట్స్‌లో రాసిస్తుంది. ఒకే దారిలో పొడి తారు, మంచుగడ్డ రెండూ ఉంటాయి మరి. ఏ టైర్లు వేసుకున్నా ఎక్కడో ఒకచోట ఏడవాల్సిందే. ఆ ఏడుపు కూడా వీళ్లకి కావాలి!

శిఖరం ఎత్తు 1,607 మీటర్లు. పైన చక్కటి ఎండ, నాలుగు హోటళ్లు. లా బొల్లెన్ వైపు దిగడం మొదలుపెట్టాక చెట్ల నీడ కమ్మింది. మేం పోతున్నది ఎడ్లబండి వేగమే. అయినా ఒక మలుపులో కారు మెత్తగా పక్కకి జరిగింది, అంతే. పిట్టగోడ నడుము ఎత్తు కూడా లేదు. మావాడి నోట్స్ ఆగిపోయాయి.

కిందికొచ్చి కాఫీ తాగుతుంటే అప్పుడు నోరు విప్పాడు. "మంచు మీదికెక్కగానే టైర్ల చప్పుడు ఆగిపోయింది, విన్నావా మావయ్యా? గేమ్‌లో అది పెట్టాలి."