రెండు బకెట్లు

నా భార్యను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు పొరుగువారు తమ క్రొత్త కారును ఇచ్చిరి. తిరిగి అప్పగించుటకు ముందు కృతజ్ఞతతో దానిని నేనే కడిగితిని. పాత స్పాంజి, ఒక్క బకెట్టు, ఒంటినిండ మట్టిరోడ్డు దుమ్ముతోనున్న కారు! మరునాటి యెండలో నల్లని రంగుపై సాలెగూడువంటి గీతలు కనబడినవి. ఆయన యేమియు అనలేదు. ఆ మౌనమే నన్ను గ్రుచ్చెను. సాయంకాలము పోయి తప్పు ఒప్పుకొంటిని.

ఆయన నవ్వి, గీసినది స్పాంజి కాదనియు, దానిక్రింద చిక్కిన ఇసుక యనియు చెప్పిరి. రంగుపైనుండు పారదర్శకమైన పూత సుమారు 50 మైక్రాన్లే, తలవెండ్రుకకంటె పలుచన.

కావున మొదట నీళ్లు ధారగా పోసి దుమ్మును జార్చుము. రెండు బకెట్లు పెట్టుకొనుము: ఒకటి కారు షాంపూ నీటికి, రెండవది జాడించుటకు. నూగుగల మైక్రోఫైబర్ చేతితొడుగు మేలు. ఇసుక దాని పోగులలోనికి పోవును. పైనుండి క్రిందికి, సున్నాలు చుట్టక, తిన్నగా తుడువుము. చక్రములకు వేరే గుడ్డ వాడుము. నేలబడిన గుడ్డను ఉతుకకుండ మరల ముట్టవద్దు. నీడలో కడిగి, మెత్తని పొడి తువాలుతో అద్దుము.

తరువాతి శనివారము ఆయన తాళపుచెవి మరల నా చేతికిచ్చిరి. ఈసారి రెండు బకెట్లు తీసికొనిపోయితిని.