వట్టి తునకలు

మాంసాన్ని ఉప్పుతో నిలవ చేసే పద్ధతులు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉన్నా, వాటన్నింటి వెనుక జరిగే పని ఒక్కటే. మాంసంలోని నీరు సూక్ష్మజీవులకు అందకుండా పోవడం. కొవ్వు తీసిన పచ్చి మాంసం బరువులో సుమారు 75 శాతం నీరే కాబట్టి, ఆ నీటిని లాగేసినా, ఉప్పుతో కట్టివేసినా మాంసం చెడిపోకుండా నిలుస్తుంది. 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లాలో భాగమైన కల్వకుర్తిలోనూ, పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట ఊళ్లలోనూ ఈ పనిని ఉప్పూ ఎండా కలిసి చేస్తాయి. అలా ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన మాంసపు చీలికలనే వట్టి తునకలు అంటారు.

ఈ వంటకు పుట్టుక లేమిలో ఎంత ఉందో, ఒక్కసారిగా వచ్చిపడే సమృద్ధిలోనూ అంతే ఉంది. దేశంలోకెల్లా గొర్రెల సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ అని 2019 పశుగణన తేల్చినా, మందను కాచే ఇంట్లో కూడా పాతకాలంలో మాంసం రోజూ వండుకునేది కాదు. దసరాకు, బక్రీదుకు, గ్రామదేవత కొలుపుకు, లేదా ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గా వంటి చోట్ల మతభేదం లేకుండా జరిపే కందూరుకు, అంటే మొక్కుబడిగా యాటను కోసి బంధువులకు పెట్టే విందుకు, ఒకే రోజు మాంసం ఇంటి నిండా వచ్చేది. దళిత వాడల్లో ముసలి ఎద్దు చనిపోయిన రోజున వాడంతటికీ పాళ్లు పడేవి. ఆ పూటకు తిన్నది తినగా మిగిలినది దండేలకెక్కేది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న మరాఠ్వాడాలో ఇలాంటి ఎండు మాంసాన్నే చాన్యా అంటారు. అక్కడి దళితుల వంటలను షాహూ పాటోలే 2015లో మరాఠీ పుస్తకంగా తెచ్చారు. శీతలీకరణ యంత్రం లేని కాలంలో రేపటి కూరను ఈ రోజే సిద్ధం చేసుకున్న తెలివి ఇది, ఆ తెలివిని కాపాడినవారు ఎక్కువగా మాంసం అరుదుగా దొరికిన ఇళ్ల ఆడవాళ్లే.

పని చూపుకు తేలికగా కనిపించినా ప్రతి మెట్టుకూ కారణం ఉంది. ముందుగా ఎముకను, కొవ్వును తీసి, మెత్తని కండను వేలి మందం మించకుండా పొడుగు చీలికలుగా కోస్తారు. మందం పెరిగితే పైభాగం గట్టిపడి, లోపలి తడి బయటికి రాలేక అక్కడే కుళ్లు మొదలవుతుంది. తరువాత దొడ్డు ఉప్పు, పసుపు పట్టించి కొంతసేపు ఉంచితే ఉప్పు కండలోకి దిగుతుంది, నీరు ఊరి గిన్నె అడుగుకు చేరుతుంది. కొందరు కారం, అల్లం, ఎల్లిగడ్డ ముద్ద కూడా కలుపుతారు. ఆ నీటిని వంపేసి, చీలికలను ఒకదానికొకటి తగలకుండా దండెం మీద వేసి, రాత్రి మంచు తగలకముందే లోపలికి తెచ్చి, వంచితే టక్కున విరిగేదాకా మళ్లీ మళ్లీ ఎండకు పెడతారు. మాంసంలో సూక్ష్మజీవులకు అందే నీటిని ఆహార శాస్త్రం వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతుంది. స్వచ్ఛమైన నీటికి అది 1, పచ్చి మాంసానికి దాదాపు 0.99, దానిని 0.85కు దించితే హాని చేసే బాక్టీరియా చాలావరకు పెరగలేదు. చేతితో విరిచి చూసే పరీక్షలో దాగి ఉన్నది ఈ కొలతే. వర్షాకాలపు గాలిలో తేమ ఎక్కువ, పైగా ఉప్పు ఆ తేమను తిరిగి పీల్చుకుంటుంది. అందుకే ఎండిన తునకలను కుండలో మూతపెట్టి దాచినా, మధ్యమధ్య ఎండ చూపించడం మానరు.

కొవ్వు తీసేయడమన్నది ఇక్కడ రుచి కోసం పెట్టుకున్న నియమం కాదు. కొవ్వు కండలా ఎండదు. ఎండకు కరిగి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి చెడిన నూనె వాసన తెచ్చుకుంటుంది. ఈ ప్రాంతంలో ఎరుకల కుటుంబాలు పందులను పెంచినా, కొవ్వు ఎక్కువైన ఆ మాంసం తునకలకు అంతగా ఒదగకపోవడానికి ఇదొక కారణం. పంది మాంసాన్నే నిలవ చేసే దేశాల్లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. కెనడాలోని టొరంటోలో పేరుపొందిన పీమీల్ బేకన్‌కు పంది వెన్ను వెంట ఉండే మెత్తని కండను ఎంచి, కొవ్వు గీసేసి, ఉప్పునీటిలో ఊరబెట్టి, ఒకప్పుడు బఠాణీ పిండిలోనూ ఇప్పుడు మక్కజొన్న పిండిలోనూ దొర్లిస్తారు. ఊరబెట్టే నీటిలో కలిపే సోడియం నైట్రైట్ మాంసానికి గులాబీ రంగునిస్తుంది, బాటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషాన్ని పుట్టించే బాక్టీరియాను అణచిపెడుతుంది. అయితే అక్కడి ఉప్పు కండలో నీటిని పట్టి ఉంచుతుంది, కల్వకుర్తి ఉప్పు నీటిని వెళ్లగొడుతుంది. అందువల్ల పొయ్యి దగ్గర పని కూడా తిరగబడుతుంది: ఊరబెట్టిన పంది కండను కాల్చేటప్పుడు లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే దించి మూడు నిమిషాలైనా ఆగాలి, ఎందుకంటే కొవ్వు లేని కండ ఆ తరువాత ఎంతసేపు కాలితే అంత పొడిబారుతుంది, వట్టి తునకలకేమో పోయిన నీటిని నిదానంగా తిరిగి ఇవ్వాలి.

ఆ ఇవ్వడంలోనే వంటవారి నేర్పంతా ఉంది. తునకలను ముందు నిప్పుల మీద కాసేపు కాల్చి, రోట్లో కచ్చాపచ్చాగా దంచితే నార విడుతుంది, కమ్మని కాలిన వాసన పుడుతుంది; ఆపైన వేడినీటిలో నానబెట్టి కడిగితే పైనున్న దుమ్ము, ఎక్కువైన ఉప్పు పోతాయి. తరువాత ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ తాలింపులో వేసి, నీళ్లు పోసి, సన్నని సెగ మీద మెత్తబడేదాకా ఉడికించి, ఆఖరున పుంటికూరనో చింతచిగురునో కలుపుతారు. పుంటికూర అంటే కోస్తావారు గోంగూర అనే పుల్లని ఆకు. పులుపును ముందే వేస్తే మాంసం త్వరగా మెత్తబడదని కొందరు, ముందే వేస్తేనే రుచి పడుతుందని మరికొందరు వాదిస్తారు. ఎండు మాంసం విషయంలో మొదటి మాటే సరైనదిగా తోస్తుంది. శనగపప్పు వేసి వండే ఇళ్లూ ఉన్నాయి. పప్పు ఉప్పును పంచుకుని కూరను నలుగురికి సరిపోయేలా పెంచుతుంది. ఏ తీరున వండినా కూరకు ఉప్పు చివరలో, రుచి చూసిన తరువాతే వేయాలి. పక్కన జొన్నరొట్టె ఉంటే మరొకటి అక్కరలేదు.

రక్తపోటు ఉన్నవారు ఈ కూరను తక్కువగా తినడం మంచిది. బాగా ఎండని తునకలను, బూజు పట్టినవాటిని కడిగి వాడుకోవచ్చుననే మాట మాత్రం పూర్తిగా విడిచిపెట్టవలసినదే. తెలుగులో అచ్చయిన వంటల పుస్తకాల్లో ఊరగాయలకు, వడియాలకు దొరికిన చోటులో కొంతైనా ఈ వంటకు దొరకలేదు. దీనిని వండినవారికి సమాజం ఇచ్చిన స్థానమే అందుకు కారణం, వంటలో లోపం ఏమాత్రం కాదు. ఉప్పు ఎంత, ఎండ ఎన్నాళ్లు, ఏ ఆకుతో ఎంతసేపు అన్నవి చేతికే తెలిసిన పెద్దవాళ్లు కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి, వారి ఇళ్లలో చదువుకున్న పిల్లలు ఈ దసరాకు వారి పక్కన కూర్చుని, ఆ కొలతలను వారి మాటల్లోనే రాసి పెట్టాలి.