సిగ్నల్ మామిడి

18 నవంబరు 2024, సోమవారం

హాజరు కోసం ఫోనుకు ముఖం బడిలోనే చూపిస్తాను. ఆ ముఖం ఊరు దాటి పై ఆఫీసుకు చేరాలంటే మాత్రం సిగ్నల్ మామిడి దాకా ఎక్కాలి. పోను ఇరవై నిమిషాలు, రాను పదిహేను. పిల్లలు అన్నాలకు కూర్చునే వేళ చూసుకుని వెళ్లొస్తున్నాను. ఎంతమంది తిన్నారన్న లెక్కా అక్కణ్ణుంచే పోవాలి కదా. వాళ్లు తింటున్నంతసేపూ నేను కొండ మీదే ఉంటాను.

దారి పొడుగునా వలిసె పూలు. పసుపు ఆరబోసినట్టుంది వాలంతా. వీటిని ఫొటోలు తీసుకోవడానికి విశాఖ నుంచి కార్లలో వచ్చేవాళ్లకు ఇక్కడ సిగ్నల్ లేకపోవడం కూడా ఒక అందమేనట. రెండు రోజుల కోసం వచ్చిన మనిషికి అలాగే ఉంటుంది.

చెట్టు మొదట్లో జనం కూర్చుని కూర్చుని నేల నున్నబడింది. ఒక కొమ్మకు ఎవరో కొబ్బరి చిప్ప కట్టారు. ఫోను అందులో పెట్టి, స్పీకరు వేసి, చిప్పలోకి వంగి మాట్లాడాలి. చేతిలోకి తీస్తే తెగిపోతుంది.

మొన్న రాత్రి కింద వీధి అమ్మాయికి నొప్పులొస్తే ఆమె మామ టార్చిలైటుతో ఈ చిప్ప దాకా పరిగెత్తి 108కి చేశాడు. బండి తారురోడ్డు వరకే వస్తుంది, అక్కడి దాకా డోలీ తప్పదు. అది నా చేతిలో లేదు. ఆ పరుగు మాత్రం తగ్గించలేమా అని దిగుతూ అనుకున్నాను.

19 నవంబరు, మంగళవారం

ఫోను సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. పైన కనబడే గీతల్ని నమ్మడం మానేశాను. ఈ అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి ఎంత తక్కువైతే అంత మేలు. 85 అంటే పట్నంలో ఉన్నట్టు. 110 దాటితే మాట ముక్కలవుతుంది. 120 దగ్గర కొన ఊపిరి.

బడి గదిలో సర్వీసే లేదు. అరుగు మీద 121, అదీ వచ్చిపోతూ. ఐదో తరగతి వాడు వెదురుగడ తెచ్చాడు. ఫోనులో స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, గడ చివర గుడ్డతో కట్టి, కప్పుకు పైగా ఎత్తి నిలబెట్టాం. దించి చూస్తే 113. మామిడి దగ్గర 97.

మూడు డీబీలు పెరిగితే బలం రెట్టింపు. అంటే పైసా ఖర్చు లేకుండా ఒక వెదురుగడ ఆరు రెట్లకు పైనే ఇచ్చింది. అయితే ఫోనును ఎప్పుడూ గడ మీదే ఉంచలేం కదా.

7 డిసెంబరు, శనివారం. చోడవరం

పక్కింటి బాబాయిగారు టెలిఫోన్స్‌లో చేసి రిటైరయ్యారు. అంకెలు చదివి వినిపించాను.

"నీకు టవరు మాట వినబడుతోంది. నీ మాటే టవరుకు అందట్లేదు" అన్నారు. టవరు వాట్లకు వాట్లు గుమ్మరిస్తుంది. ఫోను మహా అయితే వాటులో అయిదో వంతు, రెండు వందల మిల్లీవాట్లు. గీత కనబడుతూనే కాల్ వెళ్లకపోవడం, జేబులో ఊరికే ఉన్న ఫోను వేడెక్కి మధ్యాహ్నానికే చార్జింగు అయిపోవడం అందుకేనట. గొంతు చించుకుని అరుస్తోందన్నమాట అది.

యాంటెన్నా కొత్త బలాన్నేమీ పుట్టించదు. ఈ కొండ మీంచి ఆ కొండ మీది వాణ్ణి పిలిచేటప్పుడు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటామే, అంతే. వినేటప్పుడు అవే చేతులు చెవి వెనక్కి పోతాయి. పంపడానికీ అందుకోవడానికీ ఒకే లాభం.

దూరదర్శన్ రోజుల్లో ప్రతి డాబా మీదా ఉండే చేపముల్లు యాంటెన్నా ఈ పనికే పుట్టిందిట. 1926లో జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు దాని సంగతి లోకానికి చెప్పారు. ఈయన సర్వీసులో ఉండగా పల్లెల్లో తీగల్లేని డబ్ల్యూ.ఎల్.ఎల్. ఫోన్లకు కూడా అదే బిగించేవారు. "అప్పటి ఫోను వెనక యాంటెన్నా తగిలించడానికి సాకెట్టుండేది. నీ సెల్లుకేదీ?" అన్నారు. లేదు. అందుకని సిమ్ వేసే రౌటరు కావాలి. బయటి యాంటెన్నాకు సాకెట్లున్నదే చూసి కొనమన్నారు.

12 జనవరి 2025, ఆదివారం. విశాఖ

కొట్లో కుర్రాడు బూస్టర్ చూపించాడు. లోపలొకటి, బయటొకటి యాంటెన్నా, మధ్యలో డబ్బా. "ఇది పెట్టండి సార్, ఇల్లంతా ఫుల్లు." బాబాయిగారు ముందే హెచ్చరించారు. ఆ డబ్బా తన రొదంతా టవరు చెవిలో పోస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల కాల్స్ కూడా తెగుతాయి. పైగా లైసెన్సు లేకుండా పెట్టుకోవడం నేరం. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ ఇలాంటివాటికి లైసెన్సు ఉండాల్సిందే. పిల్లలకు మంచీ చెడ్డా చెప్పేవాణ్ణి, బడి మీద ఆ డబ్బా ఎలా పెట్టను?

రౌటరు, 9 డీబీల లాగ్ పీరియాడిక్ యాంటెన్నా తీసుకున్నాను. రెండోది అన్ని బ్యాండ్లకూ పనికొస్తుంది. చూడ్డానికి చేపముల్లులాగే ఉంటుంది గానీ కొస వైపు పోనుపోను ముళ్లు పొట్టిగా అవుతాయి.

అసలు బేరం కేబుల్ దగ్గరే. సన్నటి నల్ల కేబులు పది మీటర్లు వేస్తే 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదు డీబీల దాకా తినేస్తుందట. అంటే యాంటెన్నా తెచ్చినదాంట్లో మూడింట రెండొంతులు దారిలోనే హుష్‌కాకి. లావుపాటిది ఒకటీ ఒకటిన్నరతో సరిపెట్టుకుంటుంది గానీ దాని ధర నాకందదు. మామూలు డిష్ కేబులుకు రెండే పోతాయి. అది డెబ్బై అయిదు ఓములు, రౌటరు యాభై. పొంతన లేదని పుస్తకం పండితులు ముక్కు విరుస్తారు గానీ ఆ తేడాకు పోయేది నూటికి నాలుగు పాళ్లే. డిష్ కేబులే కొన్నాను, రెండు చివర్లకూ అడాప్టర్లు.

21 జనవరి, మంగళవారం

వెదురుకు యాంటెన్నా కట్టి, వెదుర్ని అరుగు స్తంభానికి బిగించాం. కేబులు లోపలికి దూరే కంతకు ముందు తీగను కిందికి ఒక వంపు వదిలాను, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుందని. బయటి జాయింటుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం. ఊరు ఊరంతా వచ్చింది.

రౌటరు ఆన్ చేస్తే 121.

గడ తిప్పాం, ఎత్తాం, దించాం. 121. పొద్దుగూకింది. ఒక్కొక్కరే లేచి పోయారు. వంటావిడ జాలిగా టీ ఇచ్చింది. నాకు చెమటలు, సిగ్గూ.

మూడో తరగతి పిల్ల రౌటరు కొస నుంచి విప్పిన అడాప్టరును దీపం దగ్గర పెట్టి చూస్తోంది. "సార్, దీనికి ముల్లు లేదు."

నిజమే. బిగుసుకోవడం చక్కగా బిగుసుకుంది, మధ్యలో ఉండాల్సిన సూదే లేదు. రౌటరు వైపూ చిల్లే, దీని వైపూ చిల్లే. చెవికి చెవి ఆనించినట్టు. నాకిచ్చింది వైఫై యాంటెన్నాలకు వాడే రకం. పేర్లు కూడా కవలపిల్లల్లా ఉన్నాయి: ఒకటి ఎస్.ఎం.ఎ., రెండోది ఆర్.పి.ఎస్.ఎం.ఎ. చిన్న వస్తువు.

28 జనవరి, మంగళవారం

ముల్లున్నది బస్సు పార్సిల్లో పాడేరు వచ్చింది. నిన్న తెచ్చుకున్నాను.

టీవీ యాంటెన్నా అయితే తిప్పగానే బొమ్మ ఊగేది, "వచ్చిందా?", "ఇంకొంచెం!" అని కేకలేసేవాళ్లం. దీనికి ఓపిక కావాలి. బెత్తెడు తిప్పడం, నిమిషం ఆగడం, అంకె రాసుకోవడం. గడ దగ్గర డోలీ మోసే పెద్దాయన, నోటు పుస్తకంతో ఐదో తరగతి వాడు.

టవరు తూర్పున మండల కేంద్రంలో ఉంది. నేరుగా గీత గీస్తే ఆరు కిలోమీటర్లుంటుంది. మధ్యలో కొండ. అటు గురిపెడితే 111. పెద్దాయన చెయ్యి జారి గడ ఉత్తరానికి తిరిగిపోయింది. "ఉంచండి ఉంచండి!" అని పిల్లాడి కేక. 104. అక్కడ టవరూ లేదు, ఊరూ లేదు, బోడి రాతి గుట్టొకటి నిటారుగా ఉంది. టవరు కేక ఆ రాతికి కొట్టుకుని మా మీద పడుతోందన్నమాట. పెద్దాయనకు ఇందులో వింతేమీ లేదు. "కేకేస్తే ఆ రాయే కదండీ తిరిగి కేకేసేది" అన్నాడు.

నా ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేసి ఇంటికి కలిపాను. మా ఆవిడ మొదటి మాట: "ఏంటి, కిందికి దిగిపోయారా?"

1 ఫిబ్రవరి, శనివారం

పింఛన్ల రోజు. సచివాలయం అబ్బాయి మిషను నా అరుగు మీదే పెట్టి వేలిముద్రలు తీసుకుంటానన్నాడు. నేను గర్వంగా ఊడ్పించి ఉంచాను. సగం మంది ముసలివాళ్లు అలవాటుగా మామిడి దగ్గరికే పోయి కూర్చున్నారు. పిలవడానికి మనిషిని పంపాల్సొచ్చింది. ఒక అవ్వ దిగనే లేదు. అక్కడ నీడుంది, జీలుగు కల్లు తెచ్చేవాడున్నాడు, నలుగురూ కలుస్తారు. నా అరుగు మీద ఎక్కాల చప్పుడు.

17 ఫిబ్రవరి, సోమవారం

శనివారం నుంచి కరెంటు లేదు. రౌటరుకు కావాల్సింది పన్నెండు వోల్టులే కాబట్టి బైకు బ్యాటరీకి కలిపాను. లైట్లు వెలిగాయి, సిగ్నల్ మాత్రం సున్నా. టవరే పడుకుంది. మామిడి దగ్గరా లేదు. ఊరికి నా మీద కొంచెం నమ్మకం తగ్గింది. దానికి నేనేం చేయను?

ఆదివారాల గొడవ కూడా తేలాలి. బడికి తాళం వేస్తే లోపల రౌటరు ఉండీ లేనట్టే. తాళంచెవి ఒకటి వంటావిడ దగ్గర ఉంచాను.

9 ఏప్రిల్, బుధవారం

ఒంటిపూట బడి. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమింది. పరిగెత్తుకెళ్లి కేబులు విప్పాను. ఇంత ఎత్తున లోహం నిలబెట్టి పిడుగుల మాట మరిచిపోతే ఎలా? సెలవులకు నేను ఊళ్లో ఉండను. వంటావిడకు విప్పడం నేర్పాను. పట్టకారు వద్దు, వేళ్లతోనే, ఎడమకు. మూడోసారికి నాకంటే తొందరగా విప్పేసింది, ముల్లు వంగకుండా.

"మరి ఇది ఊడదీసినప్పుడు ఫోనెలా మాస్టారూ?"

"ఉరుములు ఆగేదాకా పనిచెయ్యదమ్మా. మామిడి కిందికి మాత్రం ఎవర్నీ పోనివ్వకు, చెట్టు మీద పిడుగు పడుతుంది."

ఆవిడ ముల్లు వైపు చూస్తూ, "నొప్పులు ఉరుము చూసుకుని ఆగుతాయేటండీ?" అంది.

వెదురు పక్కన ఇనుప గొట్టం దింపి దానికి రాగి తీగ కలపాలి. ఎర్తు గుంటకు ఉప్పు ఐదు కిలోలు చాలేమో. బొగ్గు ఆవిడ పొయ్యిలోదే ఇస్తానంది. శనివారంలోగా తవ్వాలి.