కీ ఇవ్వని గడియారం

బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో చేతిగడియారాలు చేయడం మొదలుపెట్టారు. వారి ఆటోమేటిక్ 'కాంచన్' ఒకప్పుడు అల్లుళ్ళకు పెద్ద మర్యాద. మా నాన్నగారికి పెళ్ళిలో తాతగారు పెట్టింది అదే. 2016లో ఆ గడియారాల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం నిర్ణయించింది. నాన్నగారి గడియారానికి ఆ కబురు అందలేదు!

దానికి కీ ఇవ్వనక్కరలేదు. చెయ్యి ఆడితే లోపలి బరువుబిళ్ళ తిరిగి స్ప్రింగును చుడుతుంది. రోజుకు 20 సెకన్లు ముందు నడుస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నేను లెక్కల మనిషిని కాను గాని, రోజుకున్న 86,400 సెకన్లలో అదెంత? పైగా ఏనాడూ ముందే. ఒకనాడు ముందూ ఒకనాడు వెనుకా అయితే కదా నమ్మలేనిది! ఆదివారం ఒకసారి ముల్లు సరిదిద్దితే, గుడుపల్లె స్టేషన్లో కుప్పం రైలు తప్పదు.

నిరుడు పక్షవాతంతో నాన్నగారి ఎడమచెయ్యి పడిపోయింది. రెండోనాటికి గడియారమూ ఆగింది. కుప్పంలో బాగుచేసే అతను విప్పి చూసి, "గడియారానికేం జబ్బు లేదు సార్, చెయ్యి ఆడాలంతే" అన్నాడు.

ఇప్పుడు పగలంతా నేను పెట్టుకు తిరుగుతాను. రాత్రి ఆయన చేతికి కడతాను. తెల్లవారి నేను కాలేజీకి తయారవుతుంటే, "ఏడూపది అయిందిరా!" అని మంచం మీదనుంచి ఆయనే హెచ్చరిస్తారు.